నల్ల గౌను బొమ్మకి నేను చేసిన అన్యాయం

ముందే చెప్పేస్తున్నాను. ఈ ఉదంతంలో ఒక కుటుంబం దాదాపు రెండు ముక్కలవుతుంది. ఒక పసిపిల్ల మూడు రోజులు అన్నం సరిగ్గా తినదు. ఈ భూమ్మీద ఎక్కడా లేని ఒక షేకు గారికి మా ఊళ్ళో మూడు చమురు బావులు పుట్టుకొస్తాయి. ఇదంతా అడుగు పొడుగు కూడా లేని ఒక ప్లాస్టిక్ బొమ్మ వల్లే జరిగిందని అప్పట్లో నేను అందరికీ చెప్పాను. బొమ్మకి నోరు లేదు కాబట్టి ఆ మాట కొన్నాళ్ళు చెల్లింది. చేసిందంతా నేనే.

నా పేరు శాంతకుమారి. అప్పట్లో మండవల్లిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో రెండో తరగతి టీచర్ని. మా చర్చిలో సండే స్కూలు కూడా నాదే. పిల్లలు వాక్యంలో సగం చెప్పగానే మిగతా సగం నేనే ఊహించేసి, తప్పో ఒప్పో తేల్చేసేదాన్ని. రెండో తరగతిలో ఇది బాగానే పనికొస్తుంది. రెండో తరగతి దాటిన మనుషుల దగ్గర ఎంత ప్రమాదమో అప్పటికి తెలియదు.

నా చెల్లెలు కరుణ. పెళ్ళయిన అయిదేళ్ళకే భర్త ట్రాక్టర్ ప్రమాదంలో పోయాడు. ఏడాది ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, మా వైపు చాలామంది ఆడవాళ్ళు వెళ్ళినట్టే, కువైట్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ నాలుగేళ్ళ బ్లెస్సీని నా చేతిలో పెట్టింది. మాకు పిల్లల్లేరు. మా ఆయన ఏసురత్నం కొల్లేటి గట్టున చేపల చెరువుల మీద పని చూసేవారు. ఆయన పొద్దున చేపలకి మేత వేసేవారు, నేను పొద్దున బ్లెస్సీకి ఇడ్లీ పెట్టేదాన్ని. ఇద్దరిలో ఆయన పనే తేలిక. చేపలు మారాం చెయ్యవు.

కరుణ ప్రతి శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసేది. బ్లెస్సీ రిసీవర్ని రెండు చేతులతో పట్టుకుని, అటునుంచి వాళ్ళమ్మ ఎంత మాట్లాడినా "ఊ" అనేది. అంతే. పది నిమిషాలు ఊ, ఊ, ఊ. పెట్టేశాక "అమ్మ ఏమందే?" అంటే "ఏం లేదు" అనేది. నేనూ అంతటితో వదిలేసేదాన్ని. గోడ మీద కరుణ పెళ్ళి ఫొటో చూపించి "ఎవరు?" అంటే "అమ్మ" అనేది, పాఠం అప్పజెప్పినట్టు. రెండేళ్ళు గడిచాయి. ఆ పిల్లకి వాళ్ళమ్మ మొహం చెరిగిపోతోందని నాకు అనుమానంగానే ఉండేది. కానీ దానికి ఏం చెయ్యాలో తోచలేదు. తోచినదల్లా ఒక బొమ్మ కొనడం.

ఆ క్రిస్మస్‌కి ఏలూరులో ఒక ఫ్యాన్సీ షాపులో కొన్నాను. పసుపుపచ్చ జుట్టు, ఎత్తు మడమల చెప్పులు, జేబురుమాలంత కూడా లేని గౌను. ఇంటికి తెచ్చాక గానీ దాన్ని సరిగ్గా చూడలేదు. సండే స్కూలు టీచరింట్లో ఈ వేషమా! ఆ రోజే సూదీ దారం తీసుకుని బొమ్మకి లంగా కుట్టాను. లంగా మీదికి ఓణీ కుట్టాను. బ్లెస్సీ దాన్ని ఒకసారి చూసి, బీరువా కింద పడుకోబెట్టి మళ్ళీ తియ్యలేదు. బొమ్మలకి ఒళ్ళు నిండా బట్టలుండాలని ఊరంతా ఉపన్యాసం ఇచ్చినదాన్ని నేనేనని మీరు గుర్తుంచుకోవాలి. నేను మాత్రం సరిగ్గా ఆరు నెలల్లో మర్చిపోయాను.

ఆరు నెలల తర్వాత ఒక శుక్రవారం కరుణ ఫోన్లో చెప్పింది. "అక్కా, పక్కవీధిలో పనిచేసే దుర్గ అనే ఆవిడ సెలవు మీద వస్తోంది. ఆవిడది తాడేపల్లిగూడెం. ఆవిడ చేతికి సామాను ఇచ్చాను. వెళ్ళి తెచ్చుకుంటావా?"

మరుసటి శనివారం బస్సులో ఏలూరు, అక్కణ్ణించి ప్యాసింజర్లో తాడేపల్లిగూడెం వెళ్ళాను. దుర్గ గారు ఎంతో మర్యాదస్తురాలు. కాఫీ ఇచ్చి, సంచి తెచ్చి నా ముందు పెట్టారు.

"ఇదిగోండి, ఇవి సబ్బులండీ. ఇది సెంటు. ఇవి కర్జూరం పళ్ళు. ఈ డబ్బాలో బొమ్మ ఉందండీ, ఇది మాత్రం జాగ్రత్త. దీని గురించి మీకొక మాట చెప్పమందండీ కరుణ."

"బొమ్మ గురించి ఏముందండీ, పాపకి ఇవ్వాలి, అంతేగా. ఇచ్చేస్తాను."

"అదేనండీ, పాపకి ఇచ్చేటప్పుడు..."

"అయ్యో, టైమైపోతోందండీ. ప్యాసింజర్ తప్పిపోతే మళ్ళీ ఏలూరులో మా బస్సు దొరకదు."

"ఒక్క నిమిషమేనండీ..."

"పాపకి ఇచ్చేటప్పుడు అమ్మ పంపిందని చెప్పాలి. అంతే కదండీ? తప్పకుండా చెప్తాను."

దుర్గ గారు నోరు తెరిచి, నన్ను చూసి, మళ్ళీ మూసేశారు. నేను సంచి భుజాన వేసుకుని పరుగులాంటి నడకతో స్టేషన్‌కి వచ్చాను. ఆ రోజు ప్యాసింజర్ గంట ఆలస్యం. ఆ గంటా ప్లాట్‌ఫారం మీద కూర్చుని జామకాయలు తిన్నాను. వెనక్కి వెళ్ళి ఆ మాటేదో వినొచ్చని నాకు తట్టనే లేదు. ఇప్పటికీ జామకాయ కొరికితే నాకు ఉప్పూ కారం కన్నా ముందు ఆ గంట గుర్తొస్తుంది.

ఇంటికి వచ్చి డబ్బా విప్పాను. డబ్బా మీద అరబ్బీ అక్షరాలు. లోపల బొమ్మ. చామనఛాయ మొహం, పెద్ద పెద్ద నల్ల కళ్ళు. మెడ నుంచి పాదాల దాకా నల్లటి పొడుగు గౌను. తలకి జుట్టు కనపడకుండా తెల్లటి గుడ్డ, గడ్డం కింద చిన్న పిన్ను. నల్ల గౌను తీస్తే లోపల మోచేతులు దాటిన చేతులతో, చీలమండల దాకా పూల గౌను. చేతికి చిన్న సంచి. పక్కన అరచేతిలో సగం ఉండే చిన్న చాప, దాని మీద గుమ్మటం బొమ్మ.

బ్లెస్సీ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. దగ్గరికి వచ్చి, రెండు చేతులతో తీసుకుని, మెల్లిగా "అమ్మ" అంది.

"అవునమ్మా, అమ్మే పంపింది" అన్నాను.

చూశారా, అక్కడే అంతా తెలిసిపోవాల్సింది. రెండో తరగతి టీచర్ని కదా, సగం వినగానే మిగతా సగం నేనే పూరించేశాను.

ఇక నా బుర్ర పరుగు మొదలెట్టింది. మా ఆయన చేపల చెరువు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు.

"ఏవండీ, కరుణ మతం మారిపోయిందండీ!"

ఆయన చెంబు కింద పెట్టారు. "ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? చూడండి. ఫోన్ ఎప్పుడు చేస్తుంది? శుక్రవారం. శుక్రవారమే ఎందుకు చెయ్యాలి?"

"అక్కడ శుక్రవారం సెలవు శాంతా."

"పోనివ్వండి. మొన్న 'వచ్చే ఏడాది ఇన్షాల్లా వస్తానక్కా' అంది. విన్నారా? ఇన్షాల్లా!"

"నువ్వు మీ బడిలో రోజంతా 'షటప్, సిడ్డౌన్' అంటావు. ఇంగ్లీషుదానివైపోయావా?"

"ఇదిగో, చాప. నమాజు చాప! బొమ్మకి కూడా!"

ఆయన బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశారు. "క్రిస్మస్ బొమ్మకి బట్టల్లేవని గోల చేశావు. దీనికి తల నుంచి కాళ్ళ దాకా ఉన్నాయి. సంతోషించాలి కదా?"

"నిండుగా ఉండడం వేరండీ. ఇంత నిండుగా ఉండడం వేరు."

ఈ మాటకి అర్థమేమిటని ఆయన అడిగారు. నా దగ్గర లేదు. అర్థం లేనప్పుడు గొంతు పెంచడం నాకు అలవాటు. పెంచాను. ఆయన "శుక్రవారం ఫోన్ చేస్తుందిగా, అడుగు" అని అన్నానికి కూర్చున్నారు. ఆరు రోజులు ఆగి అడగడమా! నేను అంత ఓపిక ఉన్నదాన్నైతే ఈ కథే ఉండేది కాదు.

మరునాడు ఆదివారం. స్త్రీల ప్రార్థన కూటంలో లేచి నిలబడ్డాను. పేరు చెప్పకుండా ఎంతో గుట్టుగా అన్నాను: "దూరదేశంలో ఉన్న ఒక సహోదరి విశ్వాసం గురించి ప్రార్థన చెయ్యండి. ఆమె బిడ్డ మన మధ్యనే ఉంది."

మా చర్చిలో దూరదేశంలో ఉన్న సహోదరి, మా మధ్యన బిడ్డ ఉన్న సహోదరి ఒక్కతే. ఆమేన్ అనేలోపే అందరికీ తెలిసింది. నేను చెప్పులు వేసుకునేసరికి కరుణ మతం మారింది. ఇంటి మలుపు తిరిగేసరికి ఒక షేకుని పెళ్ళి చేసుకుంది. సోమవారం పొద్దున బడికి వెళ్తుంటే పాలు పోసే ఆవిడ ఆపి అడిగింది: "టీచర్ గారూ, మీ మరిది గారికి మూడు చమురు బావులంట కదండీ?"

భయమేసింది. కానీ ఆ భయం నా మీద నాకు రాలేదు, బొమ్మ మీదికి పోయింది. ఎందుకంటే ఆ మూడు రోజులూ బ్లెస్సీ ఆ బొమ్మని వదల్లేదు. కంచం పక్కన కూర్చోబెట్టుకునేది. బడి నుంచి వచ్చి దానికి అన్నీ చెప్పేది. ఎవరు పెన్సిల్ విరగ్గొట్టారు, ఎవరు పడిపోయారు, ఏ పాట నేర్పారు. రెండేళ్ళుగా మాకెవరికీ చెప్పనన్ని మాటలు. తలుపు చాటున నిలబడి విన్నాను. సంతోషించాల్సింది పోయి, "ఈ పిల్లని కూడా లాగేస్తోంది" అనుకున్నాను. బొమ్మ! లాగేస్తోందట!

మంగళవారం ఒంట్లో బాగాలేదని బడికి సెలవు పెట్టాను. బ్లెస్సీని పంపించి, బొమ్మ నల్ల గౌను విప్పాను. తల గుడ్డ విప్పాను. పెరట్లో నీళ్ళు కాచే పొయ్యి మండుతోంది. రెండూ అందులో వేశాను. చాప కూడా వేశాను. అది ఏదో సిల్కులాంటి గుడ్డ, మండలేదు, ముడుచుకుపోయి కరిగి కంపు కొట్టింది. ఆ వాసనకి పక్కింటావిడ గోడ మీంచి "ఏం కాలుతోందండీ?" అంది. "పాత గుడ్డలండీ" అన్నాను. అబద్ధం ఆడినందుకు అదే పొయ్యి దగ్గర నిలబడి చిన్న ప్రార్థన చేసుకున్నాను. ఆ రోజు నా భక్తికి హద్దే లేదు.

తర్వాత కిటికీ తెరలో మిగిలిన గులాబీరంగు ముక్కతో కుచ్చుల గౌను కుట్టాను. బొమ్మకి రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టాను. ఎంత ముద్దుగా ఉందో! బ్లెస్సీ మంచం మీద కూర్చోబెట్టి ఎదురుచూశాను.

బ్లెస్సీ వచ్చింది. చూసింది. "అమ్మేది?" అంది.

"అమ్మ కువైట్‌లో ఉందిగా తల్లీ. ఇదిగో చూడు, నీ బొమ్మకి కొత్త గౌను!"

"అమ్మేది?" మళ్ళీ అదే.

"వస్తుందమ్మా. వచ్చే ఏడాది వచ్చేస్తుంది."

ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో. బొమ్మని తీసి కిటికీలో గోడవైపు తిప్పి పెట్టింది. ఆ పూట రెండు ముద్దలు తిని లేచిపోయింది. బుధవారం అంతే. గురువారం అంతే. జ్వరమేమో అని నుదురు పట్టుకుని చూశాను. మా ఆయన పొయ్యిలో నల్లగా అంటుకున్న ముద్దని చూసి నా వంక చూశారు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే నాకు ఒళ్ళు మండుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి వీధి అరుగు మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉన్నారు. బ్లెస్సీ నాయనమ్మ, మార్తమ్మ గారు. భీమడోలు నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. ఒళ్ళో ఒక ఖాళీ సంచి.

"అత్తయ్య గారూ, కబురైనా లేకుండా..."

"కబురు మాకే వచ్చిందమ్మా శాంతా. కరుణ అక్కడే పెళ్ళి చేసుకుని స్థిరపడిపోయిందంట కదా. తప్పనను. చిన్నవయసు. కానీ నా కొడుకు పిల్ల మా దగ్గర ఉండాలి కదమ్మా. పాప బట్టలు సర్దు."

ఖాళీ సంచి ఎందుకో అప్పుడు తెలిసింది. బ్లెస్సీ నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడింది. రెండేళ్ళు నేను తల దువ్విన పిల్ల. నా నోటి నుంచి ఊడిపడ్డ ఒక్క మాట ప్రార్థన కూటం నుంచి భీమడోలు దాకా వెళ్ళి, చేతిలో సంచి పట్టుకుని తిరిగొచ్చింది.

"ఇవాళ శుక్రవారమేనండీ. కరుణ ఫోన్ చేస్తుంది. ఒక్కసారి విని వెళ్ళండి అత్తయ్య గారూ" అన్నారు మా ఆయన.

ఆరింటికి ఫోన్ మోగింది. మా ఆయన స్పీకర్ బటన్ నొక్కారు.

"అక్కా! ఎలా ఉన్నారు? బొమ్మ చేరిందా?"

"కరుణా, దేవుడి సాక్షిగా నిజం చెప్పు. మతం మారావా?"

"ఏంటక్కా?"

"షేకుని పెళ్ళి చేసుకున్నావా?"

అటునుంచి పకపకా నవ్వు. "మా షేకు గారికి డెబ్బై ఏళ్ళక్కా, మోకాళ్ళ నొప్పులు. నేను రోజూ నూనె కాచి ఇస్తాను, వాళ్ళావిడ రాస్తుంది. ఎవరన్నారు ఆ మాట?"

"మరి ఆ బురఖా బొమ్మ ఏమిటి? ఆ చాప ఏమిటి?"

నవ్వు ఆగింది. "దుర్గ చెప్పలేదా నీకు?"

"చెప్పబోయింది... బండి టైమైందని..."

కరుణ మెల్లిగా అంది. "అది నేనే అక్కా."

"ఏది?"

"ఆ బొమ్మ. ఈమధ్య ఒకసారి పాప నన్ను ఫోన్లో అడిగింది, 'అమ్మా, నువ్వెలా ఉంటావు?' అని. ఆ పిల్ల నాతో ఊ కాకుండా అన్న మాట అదొక్కటే. నాకు రెండు రోజులు నిద్రపట్టలేదు. ఫొటో తీసేవాళ్ళెవరున్నారు ఇక్కడ? మేడమ్ గారి మనవరాలి దగ్గర ఇలాంటి బొమ్మలు నాలుగున్నాయి. ఇక్కడి పిల్లలకి బొమ్మలంటే వాళ్ళమ్మల్లాగే ఉంటాయి. ఇంట్లో పూల గౌను, బయటికెళ్తే పైన అబాయా అనే ఆ నల్ల గౌను, తలకి గుడ్డ. నేనూ మేడమ్‌తో బజారుకి వెళ్ళేటప్పుడు అలాగే కట్టుకుంటాను. నాకు హాయిగానే ఉంటుంది, ఎండ తగలదు, ఎవరూ నా వంక చూడరు. ఆ మనవరాలికి చెప్తే షాపులో వెతికి వెతికి, 'ఇది కరుణలా ఉంది' అని నా రంగు, నా కళ్ళు ఉన్నదే ఏరింది."

"మరి చాప?"

"డబ్బాలో వస్తుందక్కా అది. మీ ప్రార్థన వేరు కదా, తీసెయ్యనా అని మేడమే అడిగింది. ఉండనివ్వండి, మేమూ మోకాళ్ళ మీదే కదా ప్రార్థన చేస్తాం అన్నాను. ఆదివారం నేను వంటింట్లో పాట పాడుకుంటుంటే ఆవిడ టీవీ సౌండు తగ్గిస్తుంది, తెలుసా నీకు? పాపకి ముందే చెప్పాను, 'దుర్గ అత్త చేతికిచ్చి నన్ను నేనే పంపుతున్నాను' అని. ఊ అంది."

మార్తమ్మ గారు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను గోడకి ఆనుకున్నాను.

"పాపకి ఇవ్వక్కా ఫోను" అంది కరుణ.

బ్లెస్సీ ఫోను దగ్గరికి నడిచి వచ్చింది. ఈసారి ఊ అనలేదు. స్పష్టంగా, గది మొత్తం వినేలా చెప్పింది:

"అమ్మా, పెద్దమ్మ నీ బట్టలు కాల్చేసింది."

అటువైపు కరుణ నవ్విందో ఏడ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. అంత దూరం నుంచి రెండూ ఒకేలా వినిపించాయి. అడిగే మొహం నాకు లేకపోయింది.

మార్తమ్మ గారు మరునాడు పొద్దున్నే లేచి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నారు. గుమ్మం దాటుతూ అన్నారు. "టీచరువి కదమ్మా, నీ నోటి మాటంటే నిజమనుకుని వచ్చాను." తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆ శనివారమే బ్లెస్సీనీ, బొమ్మనీ తీసుకుని ఏలూరు వెళ్ళాను. నేను ట్రైనింగ్ చదివే రోజుల నుంచీ నా జాకెట్లు కుట్టేది మీరాబీ గారు. అరవై దాటిన మనిషి. తల మీద కొంగు జారనివ్వకుండానే మిషను తొక్కుతారు. బొమ్మని బల్ల మీద పెట్టాను.

"ఈవిడకి ఒక బురఖా, తలగుడ్డా కుట్టాలండీ."

మీరాబీ గారు కళ్ళజోడు సవరించుకున్నారు. టేపు తీసి కొలిచారు. "నడుము మూడంగుళాలు. అన్నం పెట్టట్లేదా టీచర్ గారూ ఈవిడకి?" అని పకపకా నవ్వారు. "ఇంతకు ముందువి ఏమయ్యాయండీ? పోయాయా?"

పోయాయి అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. కానీ పక్కన బ్లెస్సీ ఉంది, ఆ పిల్ల సత్యసంధత ఏపాటిదో నిన్ననే చూశాను.

"నేనే కాల్చేశానండీ" అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. తల ఎత్తకుండా.

మీరాబీ గారు టేపు కింద పెట్టారు. పదిహేనేళ్ళ పరిచయం మాది. మా పెళ్ళి బట్టలు ఆవిడ కుట్టారు. వాళ్ళ కోడలికి పురుడొస్తే నేను ఆస్పత్రిలో కూర్చున్నాను. ఆ కోడలు నల్ల బురఖా వేసుకునే వచ్చింది ఆ రోజు, నేనే మడత పెట్టి పక్కన పెట్టాను.

"మా కోడలు వేసుకుంటుంది. నేను వేసుకోను, నాకు కొంగు చాలు. ఎవరిష్టం వారిది. అది ఉత్త గుడ్డేనండీ టీచర్ గారూ" అన్నారు మీరాబీ గారు. కోపంగా అనలేదు. "మిమ్మల్ని ఏం చేసిందండీ ఆ గుడ్డ?"

"ఏమీ చెయ్యలేదండీ" అన్నాను.

"మరి నన్నొక మాట అడగలేకపోయారా? ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నాగా."

అంటూనే కోడలి గుడ్డల మూట విప్పి నల్ల ముక్క ఏరారు. తెల్లది దొరకలేదు, చిన్న చిన్న నీలం పూలున్న ముక్క ఒకటి తీశారు. అరగంటలో కుట్టేశారు. బ్లెస్సీ బల్ల అంచు పట్టుకుని రెప్ప వెయ్యకుండా చూసింది. తర్వాత మీరాబీ గారు ఆ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తలగుడ్డ ఎలా చుట్టాలో, పిన్ను గుచ్చుకోకుండా ఎక్కడ పెట్టాలో నేర్పించారు. బ్లెస్సీ నాలుగుసార్లు తప్పు కట్టి, అయిదోసారి సరిగ్గా కట్టింది. కట్టి, బొమ్మ మొహంలోకి చూసి, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

తిరుగు బస్సులో బొమ్మ చెవి దగ్గర నోరు పెట్టి చెప్తోంది: "పెద్దమ్మ మీద కోప్పడకు అమ్మా. కొత్తవి కుట్టించింది. తెలీక కాల్చింది." నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. కొల్లేటి గాలికి కళ్ళు ఎర్రబడ్డాయని ఇంటికొచ్చాక మా ఆయనకి చెప్పాను. ఆయన నమ్మినట్టు నటించారు.

ఇక్కడితో అయిపోతే నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ మాట పుట్టించినంత తేలిక కాదు చంపడం. తర్వాతి ఆదివారం అదే ప్రార్థన కూటంలో లేచి, ఈసారి పేర్లతో సహా, తప్పు నాదని చెప్పాను. అందరూ విన్నారు. అది మాత్రం ఎవరూ ఎక్కడికీ మోసుకెళ్ళలేదు. మరుసటి ఏడాది కరుణ వచ్చింది. మూడు వారాలు పిల్లతో కలిసి ఇల్లంతా నవ్వులు. నాలుగో వారం కైకలూరు బజారులో ఒకావిడ దాన్ని ఆపి, "బావులు ఎన్నమ్మా మీ ఆయనకి?" అని అడిగింది. కరుణ ఇంటికొచ్చి నాతో నవ్వుతూనే చెప్పింది. కానీ ఆ తర్వాత రెండు ఆదివారాలు తలనొప్పి అంటూ చర్చికి రాలేదు. ఆ తలనొప్పి నేను పెట్టినదే. దానికి మాత్ర లేదు.

కరుణ నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. మళ్ళీ కువైట్ వెళ్ళాక ఎప్పటిలాగే సామాన్లు పంపేది. ఒక్క తేడా వచ్చింది. ప్రతి వస్తువుకీ దారంతో కట్టిన చీటీ. "అక్కా, ఇది సబ్బు. ఒంటికి రాసుకోవడానికి. దీనికి ఇంకే అర్థమూ లేదు." "అక్కా, ఇవి కర్జూరాలు. తీపి కోసం." "అక్కా, ఇది దుప్పటి. చలికి. కాల్చకు."

కాబట్టి చదివే మీ అందరి ముందూ, కుడిచెయ్యి పైకెత్తి, గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరి ఒంటి మీది బట్టనూ చూసి వాళ్ళ మనసులో ఏముందో ఇకమీదట నేను చెప్పను. ఎదుటివాళ్ళ వాక్యం పూర్తయ్యేదాకా నోరు తెరవను. అడగాల్సిన మనిషిని అడగకుండా దేవుణ్ణి అడగను.

బ్లెస్సీ ఇప్పుడు పెద్దదైంది. దీన్ని ముందుగా తనకే చూపించాను. మొత్తం చదివి, పెన్ను నా చేతికిచ్చింది.

"బాగుంది పెద్దమ్మా. కింద సంతకం పెట్టు."

పెట్టాను.